ముందే చేసిన కేకు

స్కెల్డర్‌బీ జనం మంచివాళ్ళని ఎవరైనా చెప్పారంటే, వాళ్ళు ఈ ఊళ్ళో ఒక పూట టీ తాగి బస్సెక్కి వెళ్ళిపోయినవాళ్ళయి ఉంటారు. మూడేళ్ళపాటు ఒక వంటమనిషి చేతి రొట్టె ముట్టకుండా, అదేదో బైబిల్లో రాసి ఉన్నట్టు మొహాలు పెట్టుకుని తిరిగిన ఊరు మాది. లింకన్‌షైర్ జిల్లా అంతా గాలించినా, పనికిమాలిన పనిని ఇంత పట్టుదలగా చేసే జనం ఇంకోచోట దొరకరు.

ఆ వంటమనిషి పేరు హిల్డా మేవర్. పొడుగ్గా, బక్కపల్చగా, నడుస్తుంటే మోచేతులు ముందు వచ్చి మనిషి వెనక వచ్చినట్టు ఉండేది. మొగుడు వాల్టర్ నూర్పిడి యంత్రంలో పడి చనిపోయినప్పుడు ఆమెకి ముప్పై మూడు. పిల్లల్లేరు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని పాస్టరు గారు ఒకసారి అంటే, "ఒకడికి వండి పెట్టాను, చాలు. ఇక పదిమందికి వండుతాను, అందులో ఎవడూ నా మంచం ఎక్కడు," అందట. ఆయన ఆ తర్వాత హిల్డా ఇంటి వైపు నడకకి వెళ్ళడం మానేశాడు. ఆమె నోరు అలాంటిది. చెయ్యి మాత్రం వేరే. ఆమె చేసిన ప్లం బ్రెడ్ కోసం పక్క ఊరి చర్చి వాళ్ళు కూడా మా చర్చి తేనీటి విందుకి ఏదో వంకతో వచ్చేవాళ్ళు. ఎండు ద్రాక్షని టీలో నానబెట్టి, పందికొవ్వు వేసి, చేత్తోనే పిసికి చేసేది. గరిటె ముట్టేది కాదు.

యుద్ధం వచ్చాక ఊరికి పడమర ఉన్న దుంప పొలాలన్నీ చదును చేసి విమానాల స్థావరం కట్టారు. నాలుగింజిన్ల బాంబర్లు పదహారు వచ్చి దిగాయి. సాయంత్రం జర్మనీ వైపు పోయేవి, తెల్లవారుజామున తిరిగొచ్చేవి. కొన్ని వచ్చేవి కావు. హిల్డాకి ఆ స్థావరం వంటగదిలో పని దొరికింది. అక్కడ వడ్డించే కిటికీలు రెండు. ఒకదాని దగ్గర డోరిస్ అనే అమ్మాయి, రెండోదాని దగ్గర హిల్డా.

దేశమంతా వారానికి ఒక్క గుడ్డుతో సరిపెట్టుకుంటున్న రోజులవి. విమానం ఎక్కేవాళ్ళకి మాత్రం వెళ్ళేముందు ఒక గుడ్డు, తిరిగొచ్చాక ఒక గుడ్డు. "నువ్వు రాకపోతే నీ గుడ్డు నాకేరా" అని ఒకడి వీపు ఒకడు చరుచుకునేవాళ్ళు. ఆ మాట అనొచ్చు. చావు గురించి ఎంత మొరటు జోకైనా వెయ్యొచ్చు. అనకూడనిది ఒక్కటే, రేపటి మాట. "రేపు కలుద్దాం" అనకూడదు. "ఇదే ఆఖరి ట్రిప్పు కదా" అనకూడదు. ఎక్కేముందు ఫోటో దిగకూడదు. ఒకడు రేపటి సినిమాకి టిక్కెట్లు కొంటే మిగతావాళ్ళు అతని జేబులోంచి తీసి చింపేసేవాళ్ళు. రేపు అనేది వాళ్ళ సొత్తు కాదు, దాని మీద చెయ్యి వేస్తే అది తెలుసుకుని పగబడుతుందని వాళ్ళ నమ్మకం. ఇరవై ఏళ్ళ పిల్లలు, వాళ్ళని ఏమంటాం? వంటగదిలో వాళ్ళు కూడా అదే పాటించేవాళ్ళు. బల్లల మీద రేపటి ప్లేట్లు ముందే సర్దేవాళ్ళు కాదు. హిల్డాకి ఇదంతా కంఠతా వచ్చు. తనూ పాటించింది మూడేళ్ళు.

ఆ స్థావరంలో రోలండ్ థర్కెల్ బృందం అంటే అందరికీ గొప్ప. ఏడుగురు. అందులో ఐదుగురి ఛాతీల మీద పతకాల రిబ్బన్లు, థర్కెల్‌కి రెండు. విమానం నడిపేది అతనే, ఇరవై మూడేళ్ళవాడు. వాళ్ళు యాభై సార్లు వెళ్ళి రావాలి, వస్తే ఇక యుద్ధం అయిపోయేవరకు నేల మీదే. పందొమ్మిది వందల నలభై నాలుగు ఫిబ్రవరిలో నలభై తొమ్మిది ట్రిప్పులు పూర్తయ్యాయి. అంతవరకు ఆ స్థావరంలో ఎవరూ యాభై చూడలేదు.

హిల్డా నాలుగు నెలలుగా చక్కెర దాస్తోంది. తన రేషను చక్కెర, తన ఎండు ద్రాక్ష, ఎక్కడినుంచో సంపాదించిన చిన్న సీసాడు బ్రాందీ. వాళ్ళు యాభయ్యోది ముగించి వచ్చిన పూట పెద్ద పళ్ళ కేకు పెట్టాలని. అయితే అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పళ్ళ కేకు చేసిన రోజు కోస్తే పొడిపొడిగా రాలిపోతుంది. ఒక రాత్రంతా డబ్బాలో మాగాలి. వాళ్ళు తెల్లవారి వస్తారు, పొద్దున్నే సెలవు మీద రైలెక్కి తలో దిక్కూ పోతారు. వచ్చాక చేస్తే ఎవరికి పెట్టాలి? వంట తెలిసిన మనిషి ఆలోచించినట్టే ఆలోచించింది. వాళ్ళు వెళ్ళబోయే ఆ మధ్యాహ్నమే పొయ్యిలో పెట్టింది. డబ్బాని దాచొచ్చు కానీ వాసనని ఎవరు దాచగలరు?

సాయంత్రం గుడ్ల కోసం లైను కట్టినప్పుడు థర్కెల్ కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

"ఏంటి మిసెస్ మేవర్, వాసన అదిరిపోతోంది. పొయ్యిలో ఏముంది?"

"బ్రెడ్."

"మీరు బ్రెడ్‌లో బ్రాందీ కూడా పోస్తారా?"

"నీకెందుకు? గుడ్డు తీసుకుని జరుగు, వెనకాల జనం ఉన్నారు."

అతను నవ్వి తన వాళ్ళ వైపు తిరిగాడు. "నాకేం వాసన రాలేదు. మీకు వచ్చిందా? ఎవరికీ రాలేదు. పదండి."

ఆరుగురు నవ్వారు. ఏడోవాడు స్టాన్లీ రడ్డాక్, తోకలో కూర్చుని వెనక్కి చూసే తుపాకీ మనిషి, నవ్వలేదు. వాడికి పట్టింపులు మరీ ఎక్కువ. కుడికాలి బూటు ముందు తొడిగితే విప్పి మళ్ళీ తొడిగేవాడు. ఆ పూట వాడు సగం గుడ్డు ప్లేట్లోనే వదిలేసి లేచిపోయాడు. హిల్డా చూసింది. పోనీలే, కడుపు బాగాలేదేమో అనుకుంది.

పదహారు వెళ్ళాయి. పదిహేను వచ్చాయి. తెల్లారాక కూడా హిల్డా తలుపు దగ్గర నిలబడే ఉంది. గిన్నెలో ఏడు గుడ్లు మిగిలాయి.

వంటగది సార్జెంటు పెగ్ అనేవాడు అలమర సర్దుతూ డబ్బా తీసి మూత తెరిచాడు. తినడానికి కూర్చున్న వాళ్ళందరి ముందూ తెరిచాడు, వెధవ. నల్లగా, గుండ్రంగా, మెరుస్తూ ఉంది కేకు. అందరి చేతులూ ఆగిపోయాయి.

ఒక కుర్ర పైలట్ లేచొచ్చాడు. "ఎప్పుడు చేశారు ఇది?"

"నిన్న మధ్యాహ్నం."

"వాళ్ళు వెళ్ళకముందా?"

"ఒక రాత్రి మాగాలి బాబూ. లేకపోతే కోసేటప్పుడు రాలిపోతుంది."

"మాగాలి," అన్నాడతను. తన ప్లేటు తీసుకెళ్ళి, అందులో ఉన్నదంతా చెత్త డబ్బాలో గుమ్మరించి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కూడా లేచారు. తన చేత్తో ఆ గదిలో వందల గుడ్లు వేయించి పెట్టింది హిల్డా. ఆ ఒక్క నిమిషంలో అవన్నీ విషమైపోయాయి.

ఆ కేకు ఎవరూ తినలేదు. వంటగది కుడితి పట్టుకుపోయే బండివాడికి ఇవ్వబోతే, వాడు రెండడుగులు వెనక్కి వేసి, "నా పందులు నాకు కావాలమ్మా," అన్నాడు.

మళ్ళీ విమానాలు లేచిన సాయంత్రం వంటగదిలో ఒకటే లైను, డోరిస్ కిటికీ దగ్గర. అది తలుపు దాటి బయట వానలోకి పోయింది. వానలో తడుస్తూ నిలబడ్డారు కానీ ఒక్కడు కూడా హిల్డా కిటికీ వైపు రాలేదు. ఆమె గరిటె పట్టుకుని నిలబడే ఉంది. పెనం మీద గుడ్లు చల్లారి రబ్బరైపోయాయి. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నాలుగోరోజు భోజనాల అధికారి పిలిచాడు.

"ఇందులో మీ తప్పేమీ లేదని నాకు తెలుసు మిసెస్ మేవర్. మనం చదువుకున్నవాళ్ళం. కానీ కుర్రాళ్ళు..."

"మీరు తింటారా?"

"ఏమిటి?"

"గుడ్డు. ఇప్పుడే వేయించి తెస్తాను. మీరెక్కడికీ ఎగరరు కదా, ఈ కుర్చీలోంచి లేవరు కూడా. తిని చూపించండి."

చదువుకున్న ఆ పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. హిల్డా ఏప్రన్ విప్పి ఆయన బల్ల మీద పడేసి సైకిలెక్కి ఇంటికొచ్చేసింది.

స్థావరం వాళ్ళ భయం అర్థం చేసుకోవచ్చు. వాళ్ళు మర్నాడు చావబోయే పిల్లలు. మా ఊరి సంగతేమిటి? మేము ఎక్కడికి ఎగిరాం? అయినా వారం తిరక్కుండా ఊరంతా చెవులు కొరుక్కోవడం మొదలైంది. హిల్డా హస్తవాసి మంచిది కాదట. వాల్టర్ యంత్రంలో పడ్డ రోజు కూడా ఆమె చేసిన భోజనమే తిని వెళ్ళాడట. ఏ మొగుడు మాత్రం పెళ్ళాం చేసింది తినకుండా పనికి పోతాడని ఒక్కరూ అడగలేదు. కేకు కూడా నోటి నోటికీ పెరుగుతూ పోయింది. వేసవి నాటికి దాని మీద ఏడు పేర్లు రాసి ఉన్నాయి. మరుసటేడుకి ఏడు కొవ్వొత్తులు వచ్చాయి, ఆమె ఒక్కొక్కటే ఊది ఆర్పిందట.

దీనంతటికీ పెద్ద తలకాయ మేబెల్ కపుల్‌డిచ్. ధాన్యం వ్యాపారి భార్య, చర్చి ఆడవాళ్ళ సంఘానికి అధ్యక్షురాలు, చర్చిలో టీ కాచే పెద్ద పాత్రకి సొంతదారు. మేబెల్ ఎవరినీ ఏమీ అనదు. "పాపం హిల్డా" అంటుంది, అంతే. ఆ పాపం అనే మాటతో ఆమె ఊళ్ళో సగం మందిని బతికుండగానే పాతిపెట్టింది.

ఏటా జూన్‌లో చర్చి వార్షికోత్సవం. పొడుగాటి బల్లలు వేసి, ఇంటికో ప్లేటు చొప్పున ఆడవాళ్ళంతా తెచ్చి పెడతారు. ఆ ఏడాది హిల్డా ఎప్పటిలాగే ప్లం బ్రెడ్ చేసి, పన్నెండు ముక్కలు కోసి, ప్లేటు తెచ్చింది. మేబెల్ దాన్ని తీసుకుని, "పాపం, ఎంత శ్రమపడ్డావు," అంటూ తలుపు పక్కన బల్ల చివర పెట్టింది. విందు అయిపోయింది. పంది మాంసం ప్లేట్లు ఖాళీ, జామ్ రొట్టెలు ఖాళీ. హిల్డా ప్లేట్లో పన్నెండు ముక్కలూ అలాగే ఉన్నాయి. ఒకరైనా మొహమాటానికి తుంచలేదు.

ఇంకొకరైతే మర్నాటి నుంచి ఇంట్లో కూర్చుని ఏడ్చేవాళ్ళు. హిల్డా మరుసటేడు మళ్ళీ తెచ్చింది. ఆ పై ఏడూ తెచ్చింది. యుద్ధం అయిపోయినా పిండి కరువు పోలేదు. తన వాటా పిండి తగ్గించుకుని, వారం రోజులు ఉడికిన దుంపలు తిని, పన్నెండు ముక్కల బ్రెడ్ చేసి పట్టుకొచ్చి పెట్టింది. "ఎందుకే నీకీ పంతం?" అని పొరుగావిడ అడిగితే, "వాళ్ళు కాదనాలంటే ఏటా నా మొహం చూసి కాదనాలి. ఊరికే వదిలేస్తానా?" అంది. ఎవరైనా మరీ మొహం తిప్పుకుంటే ఊరుకునేది కాదు. కోతలకి బయల్దేరుతున్న రైతుని రోడ్డు మీద ఆపి, "అంతా బాగా జరగాలి నాయనా, వాన పడకూడదు," అని దీవించేది. వాడి మొహాన కత్తివేటుకి నెత్తురుచుక్క ఉండేది కాదు. మేబెల్ కూతురి పెళ్ళి కుదిరినప్పుడు గేటు దగ్గర నిలబడి, "కేకు నేను చేసి పెట్టనా మేబెల్? ముందు రోజే చేస్తాను, బాగా మాగుతుంది," అని కేకేసింది. మేబెల్ ఆ రోజు తలుపులు మూసుకుని పడుకుంది.

బయటికి అంత గట్టిగా ఉండేది కానీ, పిండి కలిపేటప్పుడు మాత్రం ఆమె చేతులు ఆగిపోయేవి. మూడేళ్ళు ఆ వంటగదిలో ఉన్న మనిషి. ఆ పట్టింపులన్నీ తనవి కూడా. ఆ కేకు ఒక్కరోజు ఆగి చేసి ఉంటే? ఎవరు చెబుతారు లేదని? ఊళ్ళో వాళ్ళు నమ్మినదాన్ని తను పూర్తిగా నమ్మకుండా ఉండలేకపోవడమే ఆమె అసలు బాధ. ఒక్క మనిషి తన చేతిది తిని, హాయిగా మూతి తుడుచుకుని వెళ్ళాలి. ఆమెకి కావలసింది అంతే. ఆ ఒక్కరూ దొరకలేదు.

పందొమ్మిది వందల నలభై ఏడు జూన్‌లో చర్చి పక్కన రాయి నిలబెట్టారు. థర్కెల్ బృందంలో పోయిన ఆరుగురి పేర్లు, పేరు పక్కన పతకాలు, కింద "శత్రువుల కాల్పులలో నేలకొరిగిరి" అని. ఆవిష్కరణ, వార్షికోత్సవం విందు ఒకే రోజు. థర్కెల్ తల్లి దేశానికి అటు చివరనున్న డెవన్ నుంచి రెండు రైళ్ళు మారి వచ్చింది. స్టాన్లీ రడ్డాక్ కూడా వచ్చాడు. విమానం పేలినప్పుడు తోక ఊడి పడుతుంటే పారాచూట్‌తో దూకి, జర్మన్ల ఖైదులో యుద్ధం గడిపి బతికిన ఒకే ఒక్కడు అతనే. ఊరు అతన్ని పెళ్ళికొడుకులా చూసింది.

ఆ ఉదయం అతను అడిగి తెలుసుకుని హిల్డా ఇంటికి వచ్చాడు. కుడిచేతికి మూడే వేళ్ళు.

"నేను రడ్డాక్‌నండీ. వెనక తుపాకీ."

"తెలుసు. సగం గుడ్డు వదిలేసినవాడివి. రా, టీ పెడతాను."

"వద్దండి."

హిల్డా కెటిల్ మీద చెయ్యి తీసేసింది. "టీ కూడానా?"

అతను తల దించుకున్నాడు. టోపీ తిప్పుకుంటూ చెప్పడం మొదలుపెట్టాడు. "మీకొకటి చెప్పాలని వచ్చాను. ఊళ్ళో మీ గురించి ఏమనుకుంటున్నారో నిన్న తెలిసింది. శత్రువుల కాల్పులు కాదండి. నేను తోకలో ఉన్నాను కదా, వెనక్కీ పైకీ చూడ్డమే నా పని. మా పైన ఇంకో విమానం వచ్చింది. మనదే. రెక్కల మీద మన గుర్తులు చూశాను. దాని పొట్ట తెరుచుకుంది. నేను అరిచాను. మా స్కిప్పర్ థర్కెల్ పక్కకి తిప్పేలోపు దాని బాంబులు మా మీద పడ్డాయి."

"మనవాళ్ళా?"

"మనవాళ్ళే. చీకటి, మబ్బులు, రెండొందల విమానాలు ఒకే చోట. వాడికి మేము కనబడలేదు. తిరిగొచ్చాక పై వాళ్ళకి చెప్పాను. రాసుకున్నారు. మళ్ళీ ఎవరికీ చెప్పొద్దన్నారు."

హిల్డా కుర్చీలో కూలబడింది. మూడేళ్ళ బరువు ఒక్కసారి దిగితే ఒళ్ళు తేలికవ్వాలి. ఆమెకి మాత్రం ఒళ్ళంతా మండింది.

"తెలిసి కూడా నా ఇంట్లో టీ తాగవా నువ్వు?"

"అదే చెబుతున్నానండి. ఖైదులో ఉన్నన్నాళ్ళూ కేకు వల్లే అనుకున్నాను. కళ్ళారా చూసి కూడా అదే అనుకున్నాను." అతను టోపీ బల్ల మీద పెట్టాడు. "ఎందుకంటే కేకు కాకపోతే, అది మనవాళ్ళలో ఒకడు. ఆ సాయంత్రం ఏదో కిటికీ దగ్గర గుడ్డు తిని వచ్చినవాడు. మన స్థావరం వాడే కూడా కావచ్చు. నాతో పేకాట ఆడినవాడు కావచ్చు. దానికన్నా కేకు నయం కదండీ. కేకుని తిట్టుకుంటే నిద్ర పడుతుంది."

"నీకు నిద్ర పట్టడానికి నేను దొరికానా?"

అతను తలుపు వైపు ఒకడుగు వేశాడు.

"ఈ సాయంత్రం అందరి ముందూ నిలబడి చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు."

"స్కిప్పర్ వాళ్ళమ్మ వచ్చింది, మిసెస్ మేవర్. ఆవిడకి ఎలా చెప్పను, మీ అబ్బాయిని మనవాళ్ళే చంపారని? ఆవిడ కొడుకు ఫోటో చేతిసంచిలో పెట్టుకుని వచ్చింది. నన్ను చంపినా చెప్పలేను."

హిల్డా కిటికీలోంచి కాలవ వైపు చూసింది. ఆ తల్లి ఎవరో ఆమెకి తెలియదు. కానీ థర్కెల్ తల లోపలికి పెట్టి నవ్విన మొహం ఇంకా కళ్ళ ముందే ఉంది. వాడి తల్లి మీద ఈ బరువు పెట్టి తను తేలికవ్వాలా? పెట్టనంటే, ఇంకెన్నేళ్ళు ఆ పన్నెండు ముక్కలూ అలాగే ఇంటికి తెచ్చుకోవాలి?

"సరే. మాట్లాడకు," అంది చివరికి. "ఒక్క ముక్క కూడా చెప్పకు. అందరూ చూస్తుండగా నా బ్రెడ్ తిను. అంతే. ఆ విమానంలోంచి బతికొచ్చినవాడివి నువ్వే తింటే, ఇక ఈ ఊళ్ళో ఏ గాడిదకి నోరు లేస్తుంది?"

అతని మొహం పాలిపోయింది. చెప్పడం కన్నా ఇదే అతనికి కష్టమని ఆమెకి అర్థమైంది. అతను ఏమీ ఒప్పుకోకుండానే టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం రాయి మీద గుడ్డ తీశారు. పాస్టరు ప్రార్థన చేశాడు. రడ్డాక్ లేచి, వీరులు, త్యాగం, శత్రువుల కాల్పులు అని నాలుగు మాటలు చదివి కూర్చున్నాడు. అందరూ హాల్లోకి వచ్చి బల్లల దగ్గర సర్దుకున్నారు. పెద్దబల్ల మధ్యలో థర్కెల్ తల్లి, ఆవిడ పక్కన రడ్డాక్, ఇటు పక్కన మేబెల్, కొత్త టోపీ. హిల్డా ప్లేటు తలుపు పక్కన దాని చోట్లో అది ఉంది.

టీలు పోశారు. హిల్డా లేచింది. తన ప్లేటు తీసుకుని, అటూ ఇటూ చూడకుండా హాలంతా దాటి నడిచింది. బెంచీల మీద మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ప్లేటు తెచ్చి రడ్డాక్ ముందు పెట్టింది.

"తిను, స్టాన్లీ."

"హిల్డా," అంది మేబెల్ గుసగుసగా, "అతిథుల ముందు ఇదేం పని? పాపం ఆ అబ్బాయిని..."

"నోరు ముయ్యి మేబెల్."

మేబెల్ని అంత మాట అన్నవాళ్ళు ఆ హాల్లో అప్పటివరకు ఎవరూ లేరు.

రడ్డాక్ బ్రెడ్ వైపు చూస్తూ కూర్చున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. మూడు వేళ్ళ చెయ్యి బల్ల అంచు దాకా వచ్చింది, ఆగింది, మళ్ళీ ఒళ్ళోకి పోయింది. హిల్డా కదల్లేదు. బతిమాలలేదు. అతను లేచి పారిపోతాడని అందరూ అనుకున్నారు. హిల్డా కూడా అదే అనుకుంది. అప్పుడతను ఒక ముక్క తీశాడు. చేదు మందు మింగే పిల్లవాడిలా కళ్ళు గట్టిగా మూసుకుని కొరికాడు. నమిలాడు. గొంతులో అడ్డం పడితే టీ కూడా తాగలేదు, అలాగే మింగాడు. ఆ ముక్క పూర్తి కావడానికి ఎంతసేపు పట్టిందో, హాలంతా ఊపిరి బిగబట్టి చూసింది. చివరి పొడి కూడా వేలితో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత చేతుల్లో మొహం దాచుకున్నాడు.

థర్కెల్ తల్లికి ఇదేమీ తెలియదు. కుర్రాడికి పాత జ్ఞాపకాలు వచ్చాయనుకుని అతని భుజం నిమిరింది. తర్వాత మామూలుగా చెయ్యి చాపి తనూ ఒక ముక్క తీసుకుంది. తింది. ఇంకో ముక్క కూడా తీసుకుంది.

"చాలా బాగుందండీ," అంది హిల్డాతో. బల్ల చుట్టూ చూసి, "అదేంటి, మీరెవరూ తినలేదే?" అంది.

అందరూ ప్లేట్ల వైపు చూసుకున్నారు. ముందుగా తేరుకున్నది మేబెలే. ఆమె మొహం మీదికి ఒక నవ్వు తెచ్చుకుంది, మూడేళ్ళూ తను ఆ బ్రెడ్ కోసమే కాచుకు కూర్చున్నట్టు. "ఏదీ, నాకూ ఒక ముక్క ఇలా ఇవ్వు హిల్డా. నీ ప్లం బ్రెడ్ తిని ఎన్నాళ్ళైందో!" చెయ్యి చాపింది. ఆ చెయ్యి లేవడమే ఆలస్యం, పక్కనున్న ధాన్యం వ్యాపారి చెయ్యి లేచింది, పాస్టరు చెయ్యి లేచింది, కింద బెంచీల వాళ్ళు సగం లేచి నిలబడ్డారు.

హిల్డా ప్లేటు తీసేసుకుంది.

"అయిపోయింది," అంది.

"అదేంటే? ఇంకా తొమ్మిది ముక్కలున్నాయిగా!"

"నీకు అయిపోయింది మేబెల్." తర్వాత హాలంతా ఒకసారి చూసింది, ఒక్కొక్క మొహం. "మీ అందరికీ అయిపోయింది. మూడేళ్ళు ఇక్కడే పెట్టాను. ఎప్పుడైనా తినొచ్చు కదా?"

పాస్టరు చెయ్యి గాల్లోనే ఉండిపోయింది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. హిల్డా ఒక కుర్చీ లాక్కుని, ఎవరినీ అడక్కుండా పెద్దబల్ల దగ్గర మేబెల్‌కీ థర్కెల్ తల్లికీ మధ్య కూర్చుంది. ప్లేటు ఒళ్ళో పెట్టుకుంది.

"మీ అబ్బాయి నా కిటికీ దగ్గరికే వచ్చేవాడండీ," అంది. "ఇంకో ముక్క తింటారా?"

ఆవిడ తలూపింది. హిల్డా మేబెల్ ముందున్న వెన్న గిన్నె ఇటు జరుపుకుని, ముక్కకి రెండు వైపులా మందంగా వెన్న రాసి ఆవిడ చేతికిచ్చింది. మేమందరం చూస్తూ కూర్చున్నాం.